అంచు మీది పేరు

ఇలా దగ్గరికి జరగండి. ఆ తాటిమట్ట అడ్డంగా కాదురా, నిలువుగా ఆనించు. అడ్డంగా పడేస్తే పొగ తప్ప మంట రాదు. అమ్మడూ, నీ పిడకల దండ ఇప్పుడే వేసెయ్యకు. తెల్లారుజామున భోగిమంటకి ఉంచుకో.

ఏమడిగావురా ఇందాక? రావిచెట్టు కింద నల్లరాయి మీద పేరెవరిదనా? బాగుంది. ఆ రాయికి సైకిలు ఆనించి క్రికెట్ ఆడతారు, పేరు మాత్రం ఇన్నాళ్లకి కనపడింది! సరే, అడగాల్సిన రోజుల్లోనే అడిగావులే. కనుమ చాలాసార్లు వచ్చేది ఏ తారీకున? జనవరి 15. అది మిలట్రీ వాళ్లకీ పండగే. 1949లో ఆ రోజునే కరియప్ప గారు తెల్లదొర చేతిలోంచి మన సైన్యం పగ్గాలు తీసుకున్నాడు. మనం పశువుల కొమ్ములకి రంగులేస్తుంటే ఢిల్లీలో వాళ్లు కవాతు చేసేవారు.

ఆ రాయి మీది పేరు మా బాబాయిది. మీకు ముత్తాత వరస. పేరు నేనిప్పుడు చెప్పను. ఎందుకు చెప్పనో వింటే మీకే తెలుస్తుంది.

మన పక్కనున్న మాధవరం సంగతి తెలుసుగా, మిలట్రీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారట, రెండోదానికి వెయ్యి పైన. అక్కడ పిల్లలకి మేజరు, సుబేదారు, కెప్టెను అని పేర్లు పెట్టేవారు. నవ్వకండి, నిజం. పోలేరమ్మకి దణ్ణం పెట్టి పెట్టె నెత్తిన పెట్టుకుని తాడేపల్లిగూడెం స్టేషనుకి నడిచేవారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకీ తగలకుండా ఉంటుందా? మా బాబాయికీ తగిలింది. ఐదో తరగతితో చదువు ఆపేసి కొన్నేళ్లు అరక దున్నాడు. ఒకరోజు బర్తీ జరుగుతోందని విని, ఇంట్లో చెప్పకుండా వెళ్లి, ఛాతీ కొలిపించుకుని వచ్చేశాడు. మా తాత వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున తనే ట్రంకుపెట్టె కొనుక్కొచ్చాడు.

నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్ అని ఉంది, మద్రాసు రెజిమెంటు వాళ్ల సెంటరు. శిక్షణ అక్కడే. అక్కడి నుంచి రాసిన మొదటి ఉత్తరంలో ఉన్నదంతా చలి గురించే. తర్వాత ఎక్కడికెళ్లినా ఉత్తరం మీద ఒకటే చిరునామా, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. అది ఊరి పేరనుకుని మా నాన్నమ్మ, ‘ఆ ఊళ్లో బియ్యం దొరుకుతాయా, రొట్టెలేనా’ అని అడిగేది. ఏ మంచు కొండ మీదున్నా, ఏ ఎడారిలో ఉన్నా చిరునామా అదే. సిపాయి ఎక్కడున్నాడో శత్రువుకి తెలియకూడదు కదా. ఇంట్లోవాళ్లకీ తెలిసేది కాదు.

1963లో పెళ్లయింది. పిన్నిది నిడదవోలు దగ్గర పల్లె. రెండేళ్లలో బాబాయి వచ్చింది రెండు సెలవులకి. లెక్కపెడితే కాపురం నాలుగు నెలలుండదు.

1965 సెప్టెంబరు. పాకిస్తాన్‌తో యుద్ధం. పంచాయతీ రేడియో దగ్గర ఊరు ఊరంతా కూర్చునేది. 23న కాల్పులు ఆగిపోయాయన్నారు. మా నాన్నమ్మ ఆ పూట పాయసం చేసింది. మర్నాడు కాక ఆ మర్నాడు, మేం బళ్లో దసరా పద్యాలు వల్లె వేస్తున్నాం. విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పప్పుబెల్లాలు అడిగే రోజులవి. గూడెం నుంచి టెలిగ్రాం మనిషి సైకిలు దిగి మా ఇల్లెక్కడని మాస్టారిని అడిగాడు. మాస్టారు కాగితం విప్పి చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి, నా వంక చూశారు. ‘నువ్వు ఇంటికి పదరా, నేనూ వస్తున్నాను’ అన్నారు. చేతిలో విల్లంబు కింద పెట్టాలని కూడా తోచలేదు నాకు. దాంతోనే వీధంతా నడిచాను.

సియాల్‌కోట్ వైపు పోయాడు. అంతకు మించి మాకెవరూ చెప్పలేదు.

మీకిప్పుడు టీవీలో చూసి అలవాటు. జెండా కప్పిన పెట్టె విమానంలో వస్తుంది, తుపాకులు పేలుస్తారు, కలెక్టరు వస్తాడు, మంత్రి వస్తాడు. ఆ రోజుల్లో మనిషి రాలేదురా. యుద్ధంలో పోయినవాళ్లని చాలామందిని అక్కడే, తోటి సిపాయిలే దహనం చేసేవారు. ఇంటికొచ్చేది టెలిగ్రాం, ఆ తర్వాత పెట్టె.

పెట్టె మాకు సంక్రాంతి వెళ్లాక రైల్వే పార్సిలులో వచ్చింది. మా తాత కొన్న ట్రంకుపెట్టే. దానికి నల్లరంగు వేసి తెల్ల అక్షరాలతో నంబరూ పేరూ రాశారు. లోపల అన్నిటికన్నా పైన ఒక కాగితం, టైపు కొట్టిన జాబితా. దువ్వెన 1, అద్దం 1, బనీన్లు 2, మఫ్లరు 1, గడ్డం గీసుకునే సామాను, ఫొటోలు 2, ఉత్తరాల కట్ట 1. కింద ఎవరిదో ఆఫీసరు సంతకం. నేను ఒక్కొక్కటీ చదువుతుంటే పిన్ని తీసి చాప మీద పెట్టింది. దువ్వెనలో రెండు వెంట్రుకలున్నాయి. జాబితాలో లేనివి అవే. పిన్ని ఆ దువ్వెనని కడగలేదు, పోయేదాకా.

ఇక పింఛను సంగతి. ఇందులో తప్పు నాది. దాచను.

మా బాబాయికి అన్నవరం దేవుడి పేరు పెట్టారు. ముందు ఇంటిపేరు, వెనక మా ముత్తాత పేరు తోక, అంతా కలిపి మూరెడు. బడి రిజిస్టర్లో అలాగే ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ పిలిచేది మాత్రం అందులోంచి తుంచిన చిన్న ముక్క. పింఛను కాగితాల కోసం పిన్నిని ఓ ఆఫీసుకి రమ్మన్నారు. ఇంగ్లీషు ముక్కలొచ్చినవాణ్ణని నన్ను తోడు పంపారు. పదమూడేళ్లవాణ్ణి. ఆ బల్ల వెనక గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు: ‘భర్త పేరు?’

మొగుడి పేరు నోటితో పలికే రోజులా అవి? పిన్ని తల దించుకుంది. మళ్లీ అడిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. నేను ముందుకొచ్చి, బళ్లో ఇన్‌స్పెక్టరుకి పాఠం అప్పజెప్పినట్టు, ఇంటిపేరుతో సహా ఆ మూరెడు పేరు గడగడా చెప్పాను. గొప్పగానే ఉంది నాకు. అతను రాసుకున్నాడు. వెనక ఫైలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ‘ఈ పేరుతో ఎవరూ చనిపోలేదమ్మా’ అన్నాడు.

ఆ మాట విని పిన్ని మొహంలో ఒక్క క్షణం వెలిగిన వెలుగు నేను చూశానురా. ‘అయితే బతికే ఉన్నాడా’ అని అడిగింది నన్ను, మెల్లిగా.

ఏం జరిగిందంటే, బర్తీలో మా బాబాయి చెప్పింది ఇంట్లో పిలిచే ముక్కే. రాసుకున్నవాడు తెలుగువాడు కాదు. చెవినపడింది ఇంగ్లీషులో రాసేశాడు. ఇంటిపేరు లేదు, తోక లేదు. పటాలం పుస్తకంలో ఉన్నది ఆ ముక్క మనిషి, ఊళ్లో ఉన్నది మూరెడు పేరు మనిషి. ఇద్దరూ ఒకడేనని కాగితం కావాలన్నారు. మునసబు సంతకం ఉంటే కరణం ఊళ్లో లేడు. కరణం పెడితే తాలూకా ఆఫీసులో దాని మీద ముద్ర లేదు. పదకొండు నెలలు పట్టింది. మా తాత ఒక గేదెని అమ్మాడు. నేనా రోజు నోరు మూసుకుని పెట్టె మీద తెల్ల అక్షరాల్లో ఉన్నది చెప్పి ఉంటే ఇంత లేకపోను.

దీన్ని తేల్చింది మాధవరం సుబేదారు గారు. పింఛను తీసుకుని ఇంటి దగ్గరుంటున్న ముసలాయన, బర్మా యుద్ధం చూసొచ్చినవాడు. మా తాత వెళ్లి మొరపెట్టుకుంటే, మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ కోటు వేసుకుని, పతకాలన్నీ వరసగా గుచ్చుకుని, మాతో పాటు ఎడ్లబండి ఎక్కాడు. ఆఫీసులో అడుగుపెట్టగానే ఏం అరవలేదు. బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు, అంతే. గుమాస్తా తలెత్తాడు. పతకాలు చూశాడు. కుర్చీలోంచి లేచాడు. ‘బర్తీలో వందమందిని నిలబెట్టి పేరడిగితే కుర్రాడు నోటికొచ్చింది చెబుతాడు బాబూ, ఇంటిపేరు చెప్పాలని వాడికెవరు చెప్పారు’ అని ఆయనే విడమరిచి, సాక్షిగా సంతకం పెట్టాడు.

తిరుగుదారిలో ఆయన మా తాతతో అన్నది నాకు బాగా గుర్తు. వాళ్ల అన్న బర్మాలో పోయాడట. రంగూన్ బయట తాక్యాన్ అనే చోట ఇంగ్లీషువాళ్లు రాతి స్తంభాలు కట్టి, సమాధి లేనివాళ్ల పేర్లన్నీ చెక్కారు. దాదాపు 27 వేల మందివి. దహనమైన మనవాళ్ల పేర్లూ అక్కడే. ‘మా వాడి పేరు కూడా ఉందని ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో ఎవరూ చూడలేదు, చూడబోరు కూడా. పేరు సరిగ్గా రాశారో లేదో’ అన్నాడు. నేను బండిలో వెనక్కి తిరిగి కూర్చున్నాను. నా మొహం ఎవరికీ కనపడకుండా.

పతకాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి, మూడు నాలుగేళ్ల తర్వాత, రిజిస్టరు పోస్టులో. అట్టపెట్టెలో రెండు. ఒకటి సమర సేవా స్టార్, ఒకటి రక్షా మెడల్. 65 యుద్ధంలో ఉన్నవాళ్ల కోసం చేయించినవి. వీరత్వానికి ఇచ్చేవి వేరు, పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఆ మూడూ 1950 జనవరి 26న పెట్టినవి, 1947 ఆగస్టు 15 నుంచి లెక్క. పరమవీర చక్ర బొమ్మ గీసింది ఎవరనుకున్నారు? సావిత్రీ ఖనోల్కర్ అని, పుట్టుక యూరప్‌లో. మన మిలట్రీ ఆయన్ని పెళ్లాడి మన పురాణాలన్నీ చదివేసింది. దధీచి వెన్నెముకతో ఇంద్రుడు వజ్రాయుధం చేయించుకున్నాడు కదా, ఆ వజ్రాన్నే నాలుగు వైపులా పెట్టింది పతకం మీద. మన ఇళ్లలో నాన్నమ్మలు చెప్పే కథ దేశం రొమ్ము మీదికెక్కింది.

మా బాబాయికి అవేవీ రాలేదు. ఎందుకు రాలేదని నేనూ ఉడుక్కున్నాను కుర్రతనంలో. సుబేదారు గారు చెప్పారు. చక్రం రావాలంటే పై ఆఫీసరు కాగితం రాయాలి, ఫలానా రోజు ఫలానా చోట వీడు ఇలా చేశాడని. రాయాలంటే కళ్లారా చూసినవాడు ఒకడైనా బతికి బయటపడాలి. చూసినవాడు కూడా పక్కనే పడిపోతే ఆ పని ఎంత గొప్పదైనా మట్టిలోనే ఉండిపోతుంది. బాబాయి ఏం చేశాడో మాకు తెలియదు. ఏమీ చేయకుండానే పోయాడేమో కూడా. అయితే ఏమిటిట?

అసలు సంగతి రక్షా మెడల్ దగ్గరుంది. గుండ్రటి బిళ్ల. దాన్ని పక్కకి తిప్పి అంచు చూస్తే సన్నటి అక్షరాలు, నంబరు, హోదా, పేరు, రెజిమెంటు. నేను దీపం దగ్గర పెట్టి చదివాను. ఆ ముక్క పేరే. పిన్ని నా చేతిలోంచి తీసుకుని బొటనవేలితో అంచంతా ఒకసారి తడిమింది. ‘ఏదిరా, పేరు ఎక్కడ మొదలు, ఎక్కడ చివర’ అంది. చూపించాను. ఆవిడకి తెలుగు చదవడమే రాదు. కానీ ఆ ఐదారు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వేలితో నేర్చేసుకుంది. తను వాడటం మానేసిన కుంకుమ భరిణెలో, రిబ్బను మడిచి, ఆ బిళ్లని పెట్టుకుంది. ఏ అర్ధరాత్రి మెలకువొచ్చినా టక్కుమని భరిణె మూత చప్పుడు వినపడేది మాకు.

పుట్టింటివాళ్లు తీసుకెళతామని రెండుసార్లు వచ్చారు. వెళ్లలేదు. ఆ కథ వేరు, ఇంకో రాత్రి చెప్తా.

ఇక 1999కి రండి. కార్గిల్. అప్పటికి మనింట్లో టీవీ ఉంది. జూన్, జూలై నెలల్లో రోజూ పెట్టెలు. మన హైదరాబాదు కుర్రాడు మేజరు పద్మపాణి ఆచార్య, రాజపుతానా రైఫిల్స్, జూన్ 28న కార్గిల్ కొండల్లో పోయాడు. మహావీర చక్ర ఇచ్చారు. అప్పటికి ఆయన భార్య గర్భిణి. పిన్ని మంచం మీద కూర్చుని కళ్లార్పకుండా చూసేది. ఒక రాత్రి నన్ను పిలిచి, ‘వీళ్లని ఇంటికి తెస్తున్నార్రా’ అంది. అంతే అంది. ముప్పై నాలుగేళ్లలో ఆవిడ నోట ఫిర్యాదు లాంటి మాట నేను విన్నది అదొక్కటే. అది ఫిర్యాదో కాదో కూడా చెప్పలేను.

ఆ ఊపులో ఊరూరా విగ్రహాలు లేచాయి. మన పంచాయతీ కూడా బాబాయికి విగ్రహం పెడదామంది. నేనే వద్దన్నాను. సిమెంటు విగ్రహాలు చూశారుగా, అన్నిటికీ ఒకటే మొహం, ఒకటే మీసం, ఏడాది తిరక్కుండా ముక్కు ఊడుతుంది. మా బాబాయికి మీసమే లేదు. రాయి చాలన్నాను, పేరుంటే చాలు. సరేనన్నారు. అప్పుడు లేచింది తగువు, ఏ పేరని.

రావిచెట్టు కింద కూర్చున్నారు అందరూ. మా నాన్న, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉండాల్సిందేనన్నాడు. వంశం పేరు లేకపోతే ఎవరి బిడ్డో ఎలా తెలుస్తుందని. సర్పంచి దానికే సరేనన్నాడు. చెక్కేవాడు ఉలి పట్టుకొచ్చి, అక్షరానికింతని లెక్క కట్టి, పొడుగు పేరైతే పెద్ద రాయి కావాలంటున్నాడు. పిన్ని ఆడవాళ్ల వెనక కూర్చుంది. లేచి వచ్చింది. చేతిలో భరిణె. రక్షా మెడల్ తీసి చెక్కేవాడి అరచేతిలో పెట్టి, అంచు మీద వేలు పెట్టి చూపించింది.

‘పటాలంలో ఆయన్ని ఈ పేరుతోనే పిలిచారు. ఈ పేరుతోనే పోయాడు. ఇదే రాయి’ అంది.

ఆ అబ్బాయికి ఇంగ్లీషు రాదు. ‘ఏం పేరమ్మా?’ అన్నాడు, మామూలుగా.

నేను నోరు తెరవబోయాను, ఎప్పట్లాగే. పిన్ని చెయ్యెత్తి నన్ను ఆపింది. అంతమంది మధ్యలో, తలెత్తి, బాబాయి పేరు పలికింది. ఒక్కసారే. గొంతు ఎలా ఉందంటే, వీధి చివరున్న మనిషిని అన్నానికి పిలిచినట్టుంది. మా నాన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఇక ఆ తర్వాత తగువు లేదు.

పిన్ని 2011లో పోయింది. రెండేళ్లకి, 2013 జూలైలో, టెలిగ్రాములు కూడా ఆగిపోయాయి. పేపర్లో చదివి, పీడా పోయిందనుకున్నాను.

ఇప్పటివాళ్లకి సర్కారు బాగా చేస్తోంది, చెయ్యాలి కూడా. సూర్యాపేట కర్నలు సంతోష్‌బాబు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవాడు, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో పోయాడు. మహావీర చక్ర ఇచ్చారు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో తల్లీ భార్యా కలిసి అందుకున్నారు. ఊళ్లో విగ్రహం నిలబెట్టారు. ఆ ఇద్దరూ పతకం పట్టుకుని నిలబడ్డ ఫొటో పేపర్లో వస్తే కత్తిరించి భరిణె పక్కన పెట్టాను. ఆ రాత్రి సంతోష్‌బాబుతో కలిపి 20 మంది పోయారు. మిగతా పందొమ్మిది మందిలో ఎంతమంది పేర్లు చెప్పగలరు మీరు? నేనూ చెప్పలేను. అదీ నా బాధ.

ఢిల్లీలో ఇండియా గేటు మీదున్నవి ఇంగ్లీషువాళ్ల కాలం యుద్ధాల పేర్లు. స్వాతంత్య్రం వచ్చాక పోయినవాళ్లందరికీ కలిపి ఒక చోటు రావడానికి 2019 దాకా పట్టింది. ఫిబ్రవరి 25న తెరిచారు. జాతీయ యుద్ధ స్మారకం. గుండ్రంగా గోడలు, గోడ నిండా రాళ్లు, రాయికొక పేరు. తెరిచిన నాటికే 25,942 పేర్లు. చక్రం వచ్చినవాడికీ రానివాడికీ ఆ గోడలో అంతే రాయి.

మన పెద్దాడు ఉద్యోగం పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు వెతకమన్నాను. ముందే గట్టిగా చెప్పాను, ‘ఒరేయ్, పూర్తి పేరుతో వెతక్కు, దొరకదు. అంచు మీదున్నదాంతో వెతుకు’ అని. సాయంత్రం ఫోన్లో ఫొటో పంపాడు. నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను. నంబరు కలిసింది. ట్రంకు మీద చదివిన నంబరు ఇప్పటికీ నాకు నోటికొచ్చు. పేరూ అదే. ఇంటిపేరు లేదు, తోక లేదు.

మంట తగ్గింది, ఇక పడుకోండి. రేపు భోగిస్నానాలయ్యాక రావిచెట్టు దగ్గరికి వెళ్లండి. సైకిళ్లు తీసి పక్కన పెట్టి, రాయి మీద దుమ్ము తుడిచి, ఆ పేరు పైకి చదవండి. రెండు అక్షరాలే.